బిస్కెట్ డబ్బాలో బావ మీటరు

మా బావకి తెలియని విషయం లేదు. ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది కూడా ఆయనే.

అక్కతో పెళ్లయిన వారానికే మా ఇంటికి వచ్చి, బాగా తిరుగుతున్న ఫ్యానుని కిందికి దించి విప్పాడు. విప్పాక అది పాడైంది. పాడైన ఫ్యాను ఎలా తిరుగుతూ వచ్చిందో తనకే ఆశ్చర్యంగా ఉందని మా అమ్మతో అన్నాడు. అమ్మ అల్లుడికి కాఫీ ఇచ్చింది. ఆ ఎండాకాలం మేం విసనకర్రలతో గడిపాం.

డిప్లొమాకి రెండేళ్లు వెళ్లాడు. మూడో ఏడాది వెళ్లలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, పరీక్ష పేపర్లో ప్రశ్నలే తప్పుగా ఉన్నాయని చెబుతాడు. తర్వాత ఒక ఫోన్ల దుకాణంలో ఫోన్లకి కవర్లు తొడిగాడు. ఆ తర్వాత ఒక కాలేజీ ల్యాబులో పదకొండు నెలలు స్టోరు చూసుకున్నాడు. తాళాలు తన దగ్గర ఉండేవి కాబట్టి లోపలున్న చదువు కూడా తన దగ్గరే ఉందనుకున్నాడు. ఇప్పుడు పిలిచిన వాళ్ల ఇళ్లకి వెళ్లి కెమెరాలు బిగిస్తాడు. పిలవని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ముందు గదిలో కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని ఏదో ఒకటి కనిపెడుతూ ఉంటాడు.

ఆ బల్ల మీద టీ గ్లాసు పెట్టడానికి ఎవరికీ వీల్లేదు. ఒలికించే హక్కు ఆయనొక్కడిదే. నీళ్ల ట్యాంకు నిండితే మోగే గంట ఒకటి ఆ బల్ల మీదే పుట్టింది. ట్యాంకు నిండినా మోగేది, ఎండినా మోగేది, మేడ మీద పిల్లి నడిచినా మోగేది. కింది వాటాలో ఉండే దర్జీ ఆ గంట వినలేక ఒకరోజు మెట్ల దగ్గర నిలబడి, "సైంటిస్టు గారూ, ఇప్పుడు ట్యాంకు నిండిందా, మీరు లేచారా?" అని అడిగాడు. వీధి వీధంతా ఆ పేరు పట్టుకుంది. బావ దాన్ని బిరుదు అనుకున్నాడు. ఫోనులో తన పేరు కింద అదే రాసుకున్నాడు.

నేను అక్కావాళ్లింట్లోనే ఉంటాను. అక్కా నేనూ ఒకే లాండ్రీలో పనిచేస్తాం. ఉతికే యంత్రాలు ఆరు, ఆరబెట్టేవి రెండు, ఇస్త్రీ బల్లలు నాలుగు. అక్కది ఉతుకుడు వైపు. తెల్లారి మొదలుకొని పొద్దుగూకేదాకా ఆమె చేతులు తడిగానే ఉంటాయి. అక్కడ నేల కూడా తడే. చెప్పులతో జారుతుందని ఆ వైపు ఆడవాళ్లందరూ వట్టి కాళ్లతోనే తిరుగుతారు. నాది ఇస్త్రీ వైపు. ఏ స్విచ్ ఎక్కడుందో చీకట్లో కూడా నాకు తెలుసు, ఎందుకంటే వైర్లు బాగుచేసే తాత ఎప్పుడొచ్చినా టార్చిలైటు పట్టుకునే పని నాదే. టార్చి పట్టుకున్న మనిషితో ఎవరూ మాట్లాడరు. చూడటానికి మాత్రం బాగా వీలవుతుంది.

ఆ లాండ్రీలో రోజూ పదకొండు దాటగానే మెయిన్ స్విచ్ దానంతటదే పడిపోయేది. యంత్రాలు సబ్బు నురగతో సహా ఆగిపోయేవి. మా ఓనరమ్మకి ఏ యంత్రం ఎంత కరెంటు లాగుతోందో తెలియాలి. తాత తన క్లాంప్ మీటరు తెచ్చి ఒక్కో వైరుకి తగిలించి చూశాడు. ఆయన చూసినప్పుడు అన్నీ బుద్ధిగానే ఉన్నాయి. ఇది ఒకసారి చూస్తే తేలేది కాదు, వారం రోజులు నిమిష నిమిషానికీ వోల్టేజీ, కరెంటు రెండూ రాసుకోవాలి అన్నాడు. అలాగే నీళ్లున్న చోట లీకేజీని పట్టి ఆపేసే బ్రేకరు పెట్టించమని మూడోసారి చెప్పాడు. ఓనరమ్మ మూడోసారి చూద్దామంది.

ఈ మాట అక్క ఇంటికి తెచ్చింది. తేకపోయినా బాగుండేది.

అగ్గిపెట్టె అంత ఉండే చిన్న బోర్డు ఒకటి బావ దగ్గర ఉంది. పిల్లలు లైట్లు వెలిగించి ఆర్పడం నేర్చుకునే రకం. దాని కాళ్లు ఐదు వోల్టులు దాటితే తట్టుకోవు. గోడలో ఉండేది రెండు వందల ముప్పై. మధ్యలో ఉన్న తేడా అంతా తన తెలివితో నింపేస్తానని ఓనరమ్మకి మాటిచ్చి వచ్చాడు. ఫోనులోనే అంకెలు కనిపిస్తాయి అనేసరికి ఆమె పడిపోయింది. ఆమెకి ఫోనులో కనిపించేది ఏదైనా నిజమే.

బావ రాత ఆయనకే అర్థం కాదు. అందుకని ఆయన చెబుతుంటే నోటు పుస్తకంలో శుభ్రంగా రాయడం నా పని. "ఇందులో ప్రమాదం ఏమీ లేదు అని మొదటి పేజీలో రాయి, కింద గీత గియ్యి" అన్నాడు. ఇంకా ఏమీ తయారు కాలేదు. అయినా రాశాను, గీత గీశాను.

వోల్టేజీని తగ్గించడానికి మొదట ఒకే ఒక్క బియ్యపుగింజంత రెసిస్టర్ పెట్టాడు. లెక్కలో అది చాలు. కానీ అంత వోల్టేజీ ఒక్కదాని ఒంటి మీదే పడితే అది ఓర్చుకోదని, నాలుగైదు వరసగా పెట్టి బరువు పంచాలని ఆయనకి లెక్క చెప్పలేదు. చిటుక్కుమంది. బోర్డు పోయింది. రెండో బోర్డుకి నాలుగు పెట్టాడు. వరసగా నాలుగు పెట్టాలన్న ఆలోచన తనకి కలలో వచ్చిందన్నాడు. నిజానికి ఆ సంగతి చెప్పే వీడియో చూస్తూ గట్టిగా సౌండు పెట్టుకున్నది ఆయనే, పక్క గదిలో విన్నది నేను.

రెండో బోర్డు మా ఇంటి కరెంటుని నూట పదిహేను వోల్టులని చూపించింది. తప్పు తనదని ఎలా అనుకుంటాడు? కరెంటు ఆఫీసువాళ్లు సగం సగమే పంపిస్తున్నారని తేల్చాడు. నాతో ఫిర్యాదు రాయించాడు. "మిగతా సగం ఎక్కడికి పోతోందో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను" అనే వాక్యం రెండు పేజీల ఆ ఉత్తరంలో నాకు బాగా గుర్తుంది. పంపేలోపు ఇంకో వీడియోలో తెలిసింది: గోడలోని కరెంటు పైకీ కిందికీ ఊగుతుంది, బోర్డుకి కింది సగం కనపడదు, ఆ ఊపుని మొత్తం పైకి లేపి మధ్యలో నిలబెట్టి చూపించాలి అని. ఉత్తరం చించేశాడు. వాళ్లని క్షమించానన్నాడు.

కరెంటు కొలవడానికి తెచ్చిన మొదటి సామాను ఐదు ఆంపియర్లది. ఒక్క ఇస్త్రీ పెట్టె చాలు, ఆరు లాగుతుంది. అది మాడిన వాసన రెండు రోజులు పోలేదు. చివరికి వైరు చుట్టూ గాజులా తొడిగే రింగు కొన్నాడు. అది మంచి వస్తువు. కరెంటు వైరుని తాకకుండానే పక్కనుంచి పసిగడుతుంది. వోల్టేజీకి కూడా అలాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ముక్క దొరుకుతుంది, గోడ కరెంటుకీ బోర్డుకీ మధ్య గోడలా నిలబడుతుంది. తాత చెబితే నేను బావకి చెప్పాను. కొనుక్కొచ్చిన ముక్కలు అతికిస్తే ఇక తన తెలివి ఎక్కడ కనపడుతుందని అడిగాడు. ఆ మీటరులో భయం లేని భాగం ఆ రింగు ఒక్కటే. దాన్ని ఎవరికీ చూపించేవాడు కాదు.

అంతా కుదిరాక దానికో ఇల్లు కావాల్సి వచ్చింది. రేకు బిస్కెట్ డబ్బా తీసుకున్నాడు. మూతకి కన్నం చేసి అంకెల తెర, దాని పక్కన వోల్టేజీ, కరెంటు అంకెలు మార్చి చూపించే ఇనుప బొత్తాం. బోర్డుని డబ్బాకి స్క్రూలతో బిగించాడు. నోటు పుస్తకంలో ఇలా రాయించాడు: బోర్డు నెగటివు న్యూట్రల్‌కి కలపాలి. స్క్రూల వల్ల డబ్బా కూడా నెగటివే. ప్లగ్గు రెండు పుల్లలది.

రాస్తూ ఆగిపోయాను. రెండు పుల్లల ప్లగ్గుని ఎటు తిప్పినా దూరుతుంది. తిప్పి పెడితే న్యూట్రల్ కాస్తా ఫేజు, అంటే ముట్టుకుంటే షాక్ కొట్టే వైరు, అవుతుంది. అప్పుడు బోర్డు నెగటివు ఫేజు. స్క్రూలు ఫేజు. డబ్బా ఫేజు.

మర్నాడు లాండ్రీలో సాకెట్ మార్చడానికి వచ్చిన తాతని అడిగాను. టార్చి కింద పెట్టి మరీ అడిగాను కాబట్టి ఆయన కూడా పని ఆపాడు.

"డబ్బా దేనిది?" అన్నాడు.

"రేకుది."

"అంకెలు ఎవరు చూసి రాస్తారు?"

"అక్క."

తాత ఉతుకుడు వైపు చూశాడు. అక్క మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి, వట్టి కాళ్లతో, నీళ్లు కారే దుప్పట్లు గంపలోకి లాగుతోంది. "మీ బావతో నేను మాట్లాడతానులే" అన్నాడు. సాయంత్రం వచ్చి మాట్లాడాడు కూడా. బావ ఆయన్ని కూర్చోమనలేదు. వైర్లు లాగేవాళ్లకీ ఎలక్ట్రానిక్స్‌కీ చాలా దూరం అని చెప్పి పంపేశాడు. తాతకి వేరే చోట పది రోజుల పని ఉంది. వెళ్తూ, కరెంటు ఉన్నచోట ఆనిస్తే వెలిగే తన టెస్టరు స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆదివారం బావ గడ్డం గీయించుకోవడానికి వెళ్లినప్పుడు డబ్బాకి టెస్టరు ఆనించాను. వెలగలేదు. ప్లగ్గు తిప్పి పెట్టి మళ్లీ ఆనించాను. ఎర్రగా వెలిగింది.

అక్కని పిలిచి చూపించాను. ఆమె చూసింది. చూసి, బియ్యం ఏరుతున్న చేట దగ్గరికి వెళ్లిపోయింది. "ఆయన ఏం చేసినా నీకు నవ్వులాటే. గంట చేస్తే నవ్వావు, ఉత్తరం రాయిస్తే నెల రోజులు ఆ వాక్యమే చెప్పుకుని నవ్వావు. ఇప్పుడు లైటు వెలిగిందంటున్నావు" అంది.

నవ్విన మాట నిజమే. మడతలు పెట్టే ఆవిడకి ఆ ఉత్తరం మొత్తం అప్పజెప్పాను కూడా. లాండ్రీలో నేను నోరు విప్పేదే బావ గురించి చెప్పడానికి. అది అక్క చెవిన పడకుండా ఉంటుందా?

బావ వచ్చాక ఆయనకే చెప్పాను. ఆయన కోప్పడలేదు. దాంతో ఇంకా భయం వేసింది. అక్క గోళ్లరంగు సీసా తెప్పించి ప్లగ్గుకి ఒక వైపు ఎర్ర చుక్క పెట్టాడు. "ఎర్ర చుక్క పైకి ఉన్నంతకాలం ఏ భయమూ లేదు. రాసుకో" అన్నాడు. మా ఇంట్లో నిజంగానే ఎర్ర చుక్క పైకి పెడితే డబ్బా చచ్చినట్టు పడి ఉంది. కానీ లాండ్రీలో ఉతుకుడు వైపు స్విచ్ బోర్డుని ఎవరో తలకిందులుగా బిగించారు. తాత దాన్ని విప్పిన ప్రతిసారీ ఆ బిగించినవాణ్ని తిట్టడం నేను విన్నాను. అక్కడ ఎర్ర చుక్క పైకి పెడితే ఫేజే. ఆ సంగతి చెప్పాను.

"బోర్డు తలకిందులుగా లేదమ్మా, దాన్ని చూసిన మరదలు పిల్ల తలకిందులుగా ఉంది" అన్నాడు బావ.

అక్క నవ్వింది. చాలా రోజుల తర్వాత మొగుడి మాటకి నవ్వింది. ఇక నేనేం మాట్లాడను?

సోమవారం పొద్దున బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని లాండ్రీకి వచ్చాడు. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేనే. కాళ్లకి దళసరి రబ్బరు చెప్పులు. నేల తడిగా ఉందని ఓనరమ్మ ఆయన కోసం గోనెపట్టా పరిపించింది. ఆడవాళ్లందరూ యంత్రాలు ఆపి చుట్టూ చేరారు. బావ రింగుని వైరుకి తొడిగి, డబ్బాని ఉతుకుడు వైపు బల్ల మీద పెట్టి, ఎర్ర చుక్క అందరికీ చూపించి మరీ పైకి పెట్టి ప్లగ్గు గుచ్చాడు. తెర వెలిగింది. రెండు వందల ఇరవై తొమ్మిది. ఓనరమ్మ ఫోనులో కూడా అదే అంకె వచ్చింది. ఆమె ఆ ఫోనుని తనే కన్నట్టు అందరికీ చూపించింది.

నేను ఇస్త్రీ బల్ల వదిలి వెళ్లి స్విచ్ బోర్డు పక్కన నిలబడ్డాను. టెస్టరు డబ్బాకి ఆనించాను. ఎర్రగా వెలిగింది. అందరూ చూశారు.

బావ తొణకలేదు. పెద్ద మీటర్లకి ఆ మాత్రం లీకేజీ మామూలే అన్నాడు. చిన్నపిల్లలకి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. మాటలెందుకు అంటూ గోనెపట్టా మీద నిలబడి పొడి అరచెయ్యి తీసి డబ్బా మీద బోర్లించాడు. ఏమీ కాలేదు. బొత్తాం కూడా రెండుసార్లు నొక్కాడు. మడతలావిడ చప్పట్లు కొట్టింది. ఉత్తరం కథకి కడుపు పట్టుకుని నవ్వింది ఆవిడే.

"చూశావుగా. నువ్వొచ్చి నొక్కు" అని అక్కని పిలిచాడు.

అక్క చేతులు చీరకి ఒకసారి తుడుచుకుంది. ఆ చీర కూడా తడిసే ఉంది. వట్టి కాళ్లతో, నీళ్లలోంచి నడుచుకుంటూ వచ్చింది. ఆమె మొహంలో భయం లేదు. పది మందిలో మొగుడు పిలిచాడన్న సంతోషం ఉంది.

స్విచ్ మీద నా వేలు ఉంది. ఆపేయగలను. కానీ ఇప్పుడు ఆపితే మరదలి ఈర్ష్య అంటాడు, నేను అటు తిరగగానే మళ్లీ వేస్తాడు. రేపు వేస్తాడు. ఎల్లుండి వేస్తాడు. అక్క రోజుకి నలభైసార్లు ఆ బొత్తాం నొక్కాలి.

"బావా, చెప్పులు విప్పి, ఆ పట్టా దిగి, నువ్వొకసారి ముట్టుకో" అన్నాను.

అంత గట్టిగా అనాలని అనుకోలేదు. యంత్రాలన్నీ ఆపేసి ఉండటం వల్ల అందరికీ వినపడింది.

బావ నా వైపు చూడలేదు. నేల వైపు చూశాడు. పట్టా అంచు దాటగానే సబ్బునీళ్లు మెరుస్తున్నాయి. కుడికాలి చెప్పులో బొటనవేలు కొంచెం కదిలింది. అంతే, ఆగింది. దిగుతాడని అందరూ చూశారు, నేను కూడా చూశాను. ఆయన కాలు పట్టా మీదే ఉండిపోయింది. నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు.

అక్క కూడా అడుగు దూరంలో ఆగిపోయింది. ఆయన కాళ్ల వైపు చూసి, తన కాళ్ల వైపు చూసుకుంది.

"మరి నన్ను ముట్టుకోమన్నారే" అంది.

నేను స్విచ్ ఆపాను. తెర ఆరిపోయింది.

బావ ప్లగ్గు పీకి, డబ్బా చంకన పెట్టుకుని, ఈ బిల్డింగులో ఎర్తింగే సరిగ్గా లేదని, ఇలాంటి చోట తన మీటరు పెట్టడం మీటరుకే అవమానమని ఓనరమ్మతో చెప్పి వెళ్లిపోయాడు. పోతూ పోతూ జారాడు, పడలేదు.

పది రోజుల పని ముగించుకుని తాత వచ్చాడు. ముందు ఆ స్విచ్ బోర్డుని విప్పి తిన్నగా బిగించాడు. ఈసారి ఓనరమ్మ అడగకుండానే లీకేజీ బ్రేకరు పెట్టించింది. బావ బల్ల మీది బోర్డునే అడిగి తెచ్చాడు తాత. వోల్టేజీ వైపు ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ముక్క పెట్టి, దాని ముందు చిన్న ఫ్యూజు పెట్టి, రింగుని అలాగే ఉంచి, అంతా మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలో సర్దాడు. నేను టార్చి పట్టుకున్నాను అనడం కంటే, కొన్ని స్క్రూలు నేను కూడా బిగించాననడం సరిగ్గా ఉంటుంది. వారం అంకెలు చూశాక మెయిన్ ఎందుకు పడుతోందో తేలింది. పదకొండు గంటల టీ తాగి వచ్చి మేం నలుగురం ఒకేసారి నాలుగు ఇస్త్రీ పెట్టెలూ వేస్తున్నాం, అప్పుడే ఆరబెట్టేవి రెండూ నడుస్తున్నాయి. యంత్రాల తప్పు కాదు, మా టీ తప్పు.

వీధిలో బావ చెప్పేది వేరు. డిజైన్ మొత్తం తనదే, ప్లాస్టిక్ పెట్టె మాత్రమే వాళ్లది అంటాడు. దర్జీ తల ఊపుతాడు. ఇప్పుడు బల్ల మీద ఇంకేదో తయారవుతోంది. దేనికని నేను అడగలేదు, నన్ను రాయమని ఆయనా పిలవలేదు.

ఆ సోమవారం తర్వాత అక్క నాతో వారం మాట్లాడలేదు. ఆదివారం పెరట్లో బట్టలు పిండుతున్నప్పుడు దుప్పటి రెండో కొస నాకు ఇచ్చింది. ఇద్దరం చెరో వైపు మెలిపెట్టాం.

"ఇంట్లో చెప్పాల్సింది" అంది.

చెప్పానన్నాను.

"నువ్వు చెప్పలేదు. వెక్కిరించావు."

దుప్పట్లోంచి నీళ్లు కారడం ఆగేదాకా నేను మెలిపెడుతూనే ఉన్నాను. దాన్ని తీగ మీద వేశాక అక్క అటు తిరిగి క్లిప్పులు పెడుతూ అడిగింది, ఆ రోజు ఆయన చెప్పులు విప్పుతారని అనుకున్నావా అని.

"లేదు" అన్నాను.

"నేను అనుకున్నాను" అంది అక్క.